టూరిన్ వెళ్లే ముందు: ఎవరిని ‘తూ’ అనాలి, ఆదివారం భోజనానికి ఎలా వెళ్లాలి?

ప్రశ్న: ఇటలీలోని టూరిన్‌లో ఇంజినీరింగ్ పీజీ సీటు వచ్చింది. సెప్టెంబరులో ప్రయాణం. చదువు ఇంగ్లీషులోనే అయినా ఇటాలియన్ ఏ2 స్థాయి దాకా నేర్చుకున్నాను. పరీక్షల్లో వ్యాకరణం బాగానే రాస్తున్నాను గానీ, మాట్లాడేటప్పుడు ఎవరిని ‘తూ’ (నువ్వు) అనాలో, ఎవరిని ‘లేయ్’ (మీరు) అనాలో తేలడం లేదు. బార్‌లో కాఫీ అడగడానికి కూడా పద్ధతులున్నాయంటున్నారు. నేను శాకాహారిని, గుడ్డు మాత్రం తింటాను. గది అద్దెకిచ్చిన పెద్దావిడ, వచ్చిన మొదటి ఆదివారం మధ్యాహ్నం తమ ఇంట్లోనే భోజనం చేయమని మెసేజ్ పెట్టారు. ఏం పట్టుకెళ్లాలి? ఎలా మెలగాలి?
– గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీరు అడిగిన వాటన్నిటికంటే ముందు పలకరింపు సంగతి చెప్పాలి. ఇటలీలో కొత్తవాళ్ల మీద వచ్చే మొదటి చెడు అభిప్రాయం దీని దగ్గరే వస్తుంది. మన దగ్గర కిరాణా కొట్టుకి వెళ్తే ‘అరకిలో కందిపప్పు ఇవ్వండి’ అని నేరుగా అడుగుతాం. ఎవరూ తప్పు పట్టరు. ఇటలీలో అలా అడిగితే, మాట ఎంత శుద్ధంగా ఉన్నా మొరటుగా వినిపిస్తుంది. కొట్టులోకి, బార్‌లోకి, ఆఫీసు కౌంటర్ దగ్గరికి, లిఫ్టులోకి, చివరికి డాక్టర్ దగ్గర రోగులు కూర్చునే గదిలోకి అడుగుపెట్టినా ముందు ‘బ్వొన్‌జోర్నో’ అనాలి, పగటిపూట చెప్పే నమస్కారం అది. అవతలివాళ్లు బదులు చెప్పాకే మీ పని. బయటికొచ్చేటప్పుడు ఏమీ కొనకపోయినా ‘గ్రాత్సియె, అర్రివెదేర్చి’ (థ్యాంక్స్, వెళ్లొస్తాను) అని రావాలి.

‘బ్వొన్‌జోర్నో’ ఎప్పటిదాకా, సాయంత్రం పలకరింపు ‘బ్వొనసేరా’ ఎప్పటినుంచి అన్నదానికి గడియారం లెక్క లేదు. మధ్యాహ్న భోజనాలయ్యాక నెమ్మదిగా మారుతుంది. టస్కనీ లాంటి చోట్ల రెండు దాటగానే ‘బ్వొనసేరా’ అనేస్తారు. టూరిన్ వైపు నాలుగైదు దాకా ఆగుతారు. సందేహం వస్తే ఎదుటివాళ్లు అన్నదే అనండి. ‘బ్వొననొత్తె’ మాత్రం పలకరింపు కాదు. రాత్రి విడిపోయేటప్పుడు, పడుకోబోయేటప్పుడు చెప్పేది. రాత్రి తొమ్మిదికి రెస్టారెంట్‌లోకి వెళ్తూ అది అనకండి.

‘చావో’ అనే మాట ప్రపంచమంతా తెలుసు కాబట్టి అందరికీ అదే వాడేస్తుంటారు. అది ‘తూ’ అనగలిగినవాళ్లకే. మందుల షాపులో, బ్యాంకులో, ప్రొఫెసర్ ఎదురైనప్పుడు పనికిరాదు. ఎటూ తేలనప్పుడు ‘సాల్వె’ అనొచ్చు, కానీ బాగా పెద్దవాళ్లలో కొందరికి అది కాస్త పలుచనగా తోస్తుంది. ‘బ్వొన్‌జోర్నో’ ఎక్కడా బెడిసికొట్టదు.

ఇక తూ–లేయ్. నువ్వు–మీరు తేడాలో పుట్టి పెరిగారు కాబట్టి ఎవరికి గౌరవం ఇవ్వాలో మీకు ఎవరూ నేర్పనక్కర్లేదు. చిక్కు రెండు చోట్ల వస్తుంది. మొదటిది క్రియ. ‘మీరు’ బహువచనం, ‘లేయ్’ అలా కాదు. అది ప్రథమ పురుష ఏకవచనం, రూపంలో స్త్రీలింగం. ఎదుట ఉన్నది మగవాడైనా అదే. తెలుగులో లాగే ఇటాలియన్‌లోనూ సర్వనామం తరచు వదిలేస్తారు కాబట్టి, మర్యాద బరువంతా క్రియ చివరి అచ్చు మీదే పడుతుంది. మామూలు వాక్యంలో, మూలరూపం ‘ఆరె’తో ముగిసే గుంపు క్రియలకు తూ అయితే చివర ‘ఇ’, లేయ్ అయితే ‘ఆ’. పార్లి అంటే నువ్వు మాట్లాడతావు, పార్లా అంటే మీరు మాట్లాడతారు. ఏదైనా చేయమని చెప్పేటప్పుడు ఇది తలకిందులవుతుంది. స్నేహితురాలిని ‘పార్లా!’ అంటారు, పెద్దవాళ్లను ‘పార్లి!’ అంటారు. విద్యార్థులు తడబడేది ఇక్కడే. క్షమించమనడానికి ‘స్కూజా’ స్నేహితులకు, ‘స్కూజి’ కొత్తవాళ్లకు. చూడమనే ‘గ్వార్దా, గ్వార్ది’, ఆగమనే ‘అస్పెత్తా, అస్పెత్తి’ కూడా అంతే. ‘ఎరె’, ‘ఇరె’ గుంపుల్లో ఇది మళ్లీ తిరగబడి, వినమని చెప్పడానికి స్నేహితులతో ‘సెంతి’, పెద్దవాళ్లతో ‘సెంతా’ అవుతుంది. బయల్దేరేలోపు సూత్రంగా కంఠస్థం చేయడం కంటే, ఈ నాలుగు జంటలను నోటికి అలవాటయ్యేదాకా బిగ్గరగా చదవండి. రోజూ దారి అడగడానికి, క్యూలో నిలబడటానికి, ఎవరినైనా ఆపడానికి ఎక్కువగా పనికొచ్చేవి ఇవే.

రెండో చిక్కు అలవాటుది. మన దగ్గర ఒకసారి ‘మీరు’ అన్నవాళ్లను జీవితాంతం ‘మీరు’ అంటాం. పెద్దవాళ్లు వద్దన్నా మానం. ఇటలీలో లేయ్ నుంచి తూకి మారడానికి ఒక పద్ధతి ఉంది. వయసులో పెద్దవాళ్లో, హోదాలో పెద్దవాళ్లో ‘దియామోచి దెల్ తూ’, అంటే మనం ‘తూ’ అనుకుందాం అంటారు. ‘దమ్మి దెల్ తూ’ అని కూడా అనొచ్చు. ఆ మాట వచ్చాక వెంటనే మారిపోవాలి. మన మర్యాదకొద్దీ ఇంకా లేయ్ పట్టుకుని వేలాడితే, వాళ్లు చాచిన చేతిని తోసేసినట్టు ఉంటుంది. చిన్నవాళ్లుగా ఆ ప్రతిపాదన మీరు చేయకండి. తోటి విద్యార్థుల దగ్గర ఇదంతా ఉండదు. మొదటి నిమిషం నుంచే తూ. క్లాస్‌మేట్‌ను లేయ్ అంటే మర్యాదగా కాదు, దూరం పెట్టినట్టుగా అనిపిస్తుంది.

మీ ఇంటావిడ విషయంలో ఆమె పంపిన మెసేజే ఆధారం. అందులో ‘తి అస్పెత్తో’ (నీకోసం చూస్తుంటాను) అని ఉంటే మిమ్మల్ని తూ అంటున్నారు, ‘లా అస్పెత్తో’ (మీకోసం చూస్తుంటాను) అని ఉంటే లేయ్. ఇరవైల్లో ఉన్న విద్యార్థిని పెద్దవాళ్లు తూ అనడం సర్వసాధారణం. అంతమాత్రాన మీకు అనుమతి దొరికినట్టు కాదు. ఆమె నోటితో చెప్పేదాకా మీరు లేయ్‌లోనే ఉండండి. ‘సిన్యోరా’ అని పిలవండి. ఆంటీ, అక్కా, అన్నా అని బయటివాళ్లను వరస కలిపి పిలిచే అలవాటును ఇక్కడికి తీసుకురాకండి. వాళ్లకు ‘జియా’ అంటే సొంత పిన్నో అత్తో మాత్రమే.

ప్రొఫెసర్‌ను ‘ప్రొఫెస్సోరె’, ఆడవారైతే ‘ప్రొఫెస్సొరెస్సా’ అని, లేయ్‌తో మాట్లాడాలి. ఈమెయిల్ ‘జెంతీలె ప్రొఫెస్సొరెస్సా’ అని మొదలై, ఆమె ఇంటిపేరు వచ్చి, ‘కోర్దియాలి సలూతి’తో ముగియాలి. కింద మీ పూర్తిపేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. దాన్ని ‘మత్రీకొలా’ అంటారు. అది లేకపోతే అంత పెద్ద క్లాసులో మీరెవరో పోల్చుకోలేరు. డిగ్రీ పూర్తయిన ఎవరినైనా ‘దొత్తోరె’, ‘దొత్తొరెస్సా’ అనొచ్చు కాబట్టి, ఆఫీసులో ఆ పిలుపు వింటే వైద్యులనుకోకండి. దక్షిణాదికి, ముఖ్యంగా నేపుల్స్ వైపు వెళ్తే పెద్దలు గౌరవంగా ‘వోయ్’ అనడం వింటారు. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం లేయ్‌ని నిషేధించి దేశమంతటా ‘వోయ్’ రుద్దాలని చూసింది. అది నిలవలేదు. దక్షిణాదిలో వినిపించే వోయ్ అంతకు ముందు నుంచీ ఉన్న సొంత అలవాటు. మీరు అర్థం చేసుకుంటే చాలు, వాడనక్కర్లేదు.

కాఫీ దగ్గరికి వద్దాం. ఇటలీలో బార్ అంటే మద్యం కొట్టు కాదు. పొద్దున్నే తెరిచి కాఫీ, రొట్టె అమ్మే వీధి చివర దుకాణం. మీ వీధిలోని చిన్న బార్‌లో అయితే నేరుగా కౌంటర్‌కి వెళ్లి, పలకరించి, ‘ఉన్ కఫ్ఫే, పెర్ ఫవోరె’ అని అడిగి, నిలబడి తాగి, వెళ్తూ డబ్బు ఇస్తారు. స్టేషన్లలో, రద్దీ చోట్ల, హైవే పక్కన మాత్రం ముందు ‘కాస్సా’ దగ్గర డబ్బు కట్టి, ‘స్కొంత్రీనో’ అనే రసీదు తీసుకుని, దాన్ని కౌంటర్ మీద పెట్టి మళ్లీ అడగాలి. ఏ పద్ధతో తెలియకపోతే ముందున్న ఇద్దరిని గమనించండి. కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. పెద్ద కూడళ్లలో కూర్చుంటే రెట్టింపు దాటడం మామూలే. ధరల పట్టిక గోడ మీద ఉంటుంది, చూసి కూర్చోండి.

‘కఫ్ఫే’ అంటే ఎస్ప్రెస్సో. చిన్న కప్పులో 25–30 మిల్లీలీటర్లు, రెండు గుక్కలు. మన ఫిల్టర్ కాఫీ తాగే నోటికి దగ్గరగా ఉండాలంటే, పైన కొద్దిగా పాలు వేసిన ‘మక్యాతో’తో మొదలుపెట్టండి. ‘లాత్తె’ అని మాత్రం అడగకండి, గ్లాసుడు పాలు ఇస్తారు. కాపుచ్చీనో పొద్దుటి పానీయం. భోజనం మీద అన్ని పాలు తాగితే అరగదని వాళ్ల నమ్మకం కాబట్టి మధ్యాహ్నం భోంచేశాక ఎవరూ అడగరు. అడిగితే ఇస్తారు, పరాయివాళ్లని తెలిసిపోతుంది, అంతే. టీ అంటే వేడినీళ్లు, ఒక టీ సంచి, నిమ్మచెక్క వస్తాయి. పాలు విడిగా అడగాలి, అవి చల్లగా ఉంటాయి. టూరిన్ సొంత పానీయం ‘బిచెరీన్’ ఒకసారి తప్పకుండా రుచి చూడండి. కాఫీ, చాక్లెట్, పైన పాలమీగడ పొరలుగా గాజు గ్లాసులో ఇస్తారు. కలపకుండా తాగాలి.

శాకాహారం గురించి ఎక్కువగా రాయక తప్పదు, మోసపోయేది ఇక్కడే. ‘సోనో వెజెతరియానా’ అంటే సరిపోదు. చాలామంది దాన్ని మాంసపు ముక్క వద్దనడంగా అర్థం చేసుకుని, పంది మాంసపు పలుచని చీలికలు, చేపలు లెక్కలోకి తీసుకోరు. ‘నొన్ మాంజో నే కార్నె నే పేషె’, అంటే మాంసమూ చేపా రెండూ తినను అనండి. తర్వాత ‘చే బ్రోదో ది కార్నె?’ అని, అంటే మాంసం ఉడకబెట్టిన నీళ్లు ఉన్నాయా అని అడగండి. ‘రిజొత్తో’ అనే అన్నం వంటకాల్లో, సూపుల్లో కనబడకుండా ఉండేది అదే. టూరిన్ వైపు ప్రసిద్ధమైన ‘అన్యొలొత్తి’ అనే కూరిన పాస్తా లోపల సాధారణంగా మాంసమే ఉంటుంది. ‘బాన్యా కావుదా’ చూడటానికి కూరగాయలు ముంచుకుని తినే వెల్లుల్లి పచ్చడిలా ఉంటుంది గానీ అందులో ఆంచొవీ చేపలు కరిగించి ఉంటాయి. ‘పియదీనా’ అనే రొట్టె పిండిలో సంప్రదాయంగా పంది కొవ్వు కలుపుతారు. దాని పేరు ‘స్త్రుత్తో’. పొట్లాం మీద ఆ మాట చూసుకోండి. పార్మిజానో, గ్రానా పదానో చీజ్‌లకు పాలు విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో. అది పట్టింపు అయితే లేబుల్ మీద ‘కాల్యో వెజెతాలె’ లేదా ‘మిక్రొబీకో’ ఉన్న చీజ్ కొనండి. పాలమీగడతో చేసే ‘పన్నా కొత్తా’ అనే తీపి వంటకంలో వేసే ‘కొల్లా ది పేషె’ జెలటిన్, శాకం కాదు.

తినదగినవీ చాలానే ఉన్నాయి. ‘పెపెరోని’ అంటే కాప్సికం, ఆ పేరున్న పిజ్జా భయం లేకుండా తినొచ్చు. కారపు మాంసం వేసే పిజ్జా పేరు ‘దియావొలా’. ‘మరినారా’లో టొమాటో, వెల్లుల్లి, ఒరెగానో, నూనె తప్ప చీజ్ కూడా ఉండదు. టూరిన్‌లో, జెనోవాలో దొరికే ‘ఫరినాతా’ మీకు బాగా నచ్చుతుంది. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. పైన మిరియాల పొడి చల్లుకుని వేడిగా తినాలి. కూరగాయలకు పోర్తా పలాత్సో సంత ఉంది. వారం మధ్యలో మధ్యాహ్నం దాకా, శనివారం సాయంత్రం దాకా నడుస్తుంది. అక్కడ చేత్తో ఏరుకోకూడదు. అమ్మేవాళ్లను అడిగితే వాళ్లే ఇస్తారు. తూకం మాట ‘ఎత్తో’, అంటే వంద గ్రాములు. సూపర్‌మార్కెట్‌లో అయితే ప్లాస్టిక్ తొడుగు వేసుకుని మీరే ఏరుకుని, తూచి, చీటీ అంటించాలి. ఆ చీటీ లేకుండా బిల్లు దగ్గరికి వెళ్తే వెనక్కి పంపుతారు.

ఇప్పుడు ఆదివారం భోజనం. ఏం తినరో ఇవాళే మెసేజ్‌లో చెప్పేయండి. మొహమాటపడి బల్ల దగ్గర చెబితే ఆమె పొద్దున్నుంచి పడ్డ శ్రమ వృథా అవుతుంది, అది పెద్ద ఇబ్బంది. గుడ్డు, పాలు తింటానని కూడా రాయండి, ఆమె పని సులువవుతుంది.

ఒంటిగంటకు రమ్మంటే ఒంటిగంటా ఐదు, పది నిమిషాలకు వెళ్లండి. ముందు వెళ్లొద్దు, అరగంట ఆలస్యం అసలే వద్దు. అతిథి వచ్చాకే పాస్తా మరిగే నీళ్లలో వేస్తారు. అది ఎనిమిది, పది నిమిషాల్లో ఉడికి వెంటనే తినాల్సిన వంట. మీకోసం ఆగితే మిగిలినవాళ్లు ఆకలితో కూర్చుంటారు, ఆగకపోతే మెత్తబడిపోతుంది.

పట్టుకెళ్లడానికి ‘పస్తిచ్చీని’ అనే చిన్న చిన్న మిఠాయిల పళ్లెం అన్నిటికంటే మంచిది. ‘పస్తిచ్చెరియా’లో మీరు చూపించినవి పేర్చి, తూచి, కాగితం చుట్టి, రిబ్బను కట్టిస్తారు. నలుగురికి అరకిలో సరిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం చాలా దుకాణాలు మూసేస్తారు కాబట్టి పన్నెండు లోపే తీసుకోండి. ఇంటి నుంచి తీసుకెళ్లిన పూతరేకుల పెట్టె ఉంటే ఇంకా సంతోషిస్తారు, కానీ నెయ్యి, జీడిపప్పు ఉన్నాయని చెప్పి ఇవ్వండి. పువ్వులు తీసుకెళ్తే బేసి సంఖ్యలో ఉండాలి. చామంతులు మాత్రం వద్దు. మనకు బతుకమ్మకూ పూజకూ చామంతి శుభమే గానీ, ఇటలీలో అది నవంబరు 2న సమాధుల మీద పెట్టే పువ్వు. ఇంటికి తెస్తే గృహిణి ముఖం మాడిపోతుంది. మీరిచ్చిన పొట్లాన్ని ఆమె అక్కడే విప్పి చూస్తారు. ఆమె మీకేదైనా ఇస్తే మీరూ అలాగే విప్పి చూడాలి. పక్కన పెట్టేస్తే నచ్చలేదనుకుంటారు.

గుమ్మం దాటుతూ, తలుపు తీసి ఉన్నా సరే, ‘పెర్మెస్సో’ (లోపలికి రావచ్చా) అనండి. ‘అవాంతి’ అంటారు, అప్పుడు లోపలికి. చెప్పులు అలవాటుగా విప్పేయకండి. చాలా ఇళ్లలో అతిథులు బూట్లతోనే ఉంటారు, వట్టి కాళ్లతో తిరగడం వాళ్లకు వింతగా ఉంటుంది. ‘మి తోల్గో లె స్కార్పె?’ అని అడిగి, విప్పమంటే విప్పండి. సాక్సులు వేసుకెళ్లండి.

అందరికీ వడ్డించి, ఇంటావిడ ‘బ్వొన్ అప్పెతీతో’ అనేదాకా ఫోర్కు ముట్టకూడదు. పాస్తా రాగానే అదే భోజనమనుకుని రెండోసారి పెట్టించుకోవద్దు. అది ‘ప్రీమో’, అంటే మొదటి వడ్డన మాత్రమే. తర్వాత ‘సెకొందో’ అనే రెండో వడ్డన, దాని పక్కన కూరగాయలు, ఆ తర్వాత పండ్లు, మీరు తెచ్చిన మిఠాయి, చివర కాఫీ వస్తాయి. రెండున్నర గంటలు సులువుగా పడుతుంది. స్పఘెత్తిని కత్తితో కోయకండి, స్పూను సాయం లేకుండా ఫోర్కుకు చుట్టుకోండి. నాలుగైదు పోగులు తీసుకుంటే జారదు, ఎక్కువ తీసుకుంటేనే ముద్ద అవుతుంది. ఎడమ చేయి ఒడిలో పెట్టుకోకుండా మణికట్టు బల్ల అంచున ఆనించి ఉంచండి. పళ్లెంలో మిగిల్చితే వంట నచ్చలేదని అర్థం, అందుకే మొదటే కొద్దిగా పెట్టించుకోండి. ఇంకాస్త పెడతానంటే ‘బాస్తా కొసీ, గ్రాత్సియె, ఎరా బ్వొనీస్సిమో’, అంటే ఇక చాలు, థ్యాంక్స్, చాలా బాగుంది అనండి. మళ్లీ అడిగితే అదే మాట నవ్వుతూ చెప్పండి. ఒక్క జాగ్రత్త: మనం అవునంటూ తల అటూ ఇటూ ఆడించడం వాళ్లకు ‘కాదు’ అన్నట్టో, తేల్చుకోలేనట్టో కనిపిస్తుంది. ‘సీ’ అని నోటితో చెప్పండి.

అదే రోజు సాయంత్రం ‘గ్రాత్సియె దెల్ ప్రాంజో’ (భోజనానికి థ్యాంక్స్) అని రెండు ముక్కల మెసేజ్ పంపండి.

మీరు అడగకపోయినా ఇంటి గురించి ఒకటి. ఇటలీలో ఫ్లాటు నంబరు మీద ఆధారపడే అలవాటు పెద్దగా లేదు. గేటు దగ్గరి ‘చితోఫొనో’ గంట మీద, ఉత్తరాల పెట్టె మీద ఇంటిపేర్లు రాసి ఉంటాయి. మీ పేరు అక్కడ లేకపోతే పోస్టు తిరిగి వెళ్లిపోతుంది. నివాస అనుమతి కబురు కూడా అలాగే రావచ్చు కాబట్టి, మొదటి రోజే ఇంటావిడను అడిగి చీటీ అంటించండి. ఆ అనుమతికి దేశంలో దిగిన 8 పనిదినాల్లోగా పోస్టాఫీసులో దరఖాస్తు పెట్టాలి. దానికి కావలసిన 16 యూరోల స్టాంపు, ‘మార్కా దా బొల్లో’, పొగాకు దుకాణంలో దొరుకుతుంది.

ఏ ఫారంలోనైనా ‘కొన్యోమె’ అంటే ఇంటిపేరు, ‘నోమె’ అంటే పెట్టిన పేరు. మనలో చాలామందికి పాస్‌పోర్టులో అసలు ఇంటిపేరు ఒకటి, సర్‌నేమ్ గడిలో ఉన్నది ఇంకొకటి. ఇటలీలో పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి, అక్షరం కూడా మారకూడదు. పన్ను కోడు ‘కోదిచె ఫిస్కాలె’ 16 అక్షరాలూ దాన్నిబట్టే తయారవుతాయి. మొదటి మూడు కొన్యోమె హల్లులు, తర్వాతి మూడు నోమె హల్లులు, ఆపైన పుట్టిన సంవత్సరం, నెల, తేదీ, దేశం. ఆడవాళ్లకు తేదీకి 40 కలుపుతారు. 15న పుట్టినవాళ్లకు 55 కనిపిస్తే తప్పనుకుని దిద్దించడానికి వెళ్లకండి. భారతదేశానికి జెడ్222 ఉంటుంది. మొదటి ఆరు అక్షరాల్లో పేర్లు తారుమారయ్యాయని గమనిస్తే మాత్రం, అద్దె ఒప్పందం మీద, బ్యాంకు ఖాతా మీద అది ఎక్కకముందే ఆ కోడు ఇచ్చిన చోటికే వెళ్లి మార్పించుకోండి.